సింహాచలము జీళ్లు

బాల్యమున దినిన మిఠాయి నాలుకపై నిలుచునది క్షణకాలమే. మనసున మాత్రము జన్మమంతయు నిలుచును. విశాఖపట్టణమున బుట్టిన మాకు అట్టి మిఠాయి సింహాచలము కొండ క్రింద నమ్ము జీళ్లు.

1971వ సంవత్సరము జనవరిలో ఇందిరాగాంధీగారు మా యూర ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసినప్పుడు మాకు తొమ్మిదేండ్లు. ఆ యేటి వైశాఖ శుద్ధ తదియనాడు అమ్మమ్మ మమ్మును, మా పినతల్లి పిల్లలు ముగ్గురను చందనోత్సవమునకు దీసికొనిపోయెను. ఏడాది పొడుగునను చందనపు పూతలో నుండు అప్పన్నస్వామి నిజరూపము ఆ యొక్కనాడే భక్తులకు గానవచ్చును. తెల్లవారకముందే బయలుదేరి, జాముల తరబడి వరుసలో నిలిచి, స్వామిని సేవించి, మెట్లదారిని దిగివచ్చితిమి. నిజము చెప్పవలెనన్న, మా భక్తి సగము స్వామిపైనను, సగము జీళ్లపైనను ఉండెను.

దిగువ నొక పందిరిలో ఒకామె జీళ్లు చేయుచుండెను. అనకాపల్లి బెల్లమును నీట గరగించి, వడగట్టి, ముదురుపాకము వచ్చువరకు కాచును. చన్నీట వేసిన పాకపుచుక్క గట్టిపడి, పళ్లెముపై గొట్టినప్పుడు ఖంగుమనవలెను. నాలుగు చుక్కలు నిమ్మరసము పిండినచో పాకము పలుకులు గట్టదు. పిమ్మట నూనె రాచిన పళ్లెములో బోసి, చేయి కాలుచుండగనే ముద్దచేసి, గుంజకు గొట్టిన మేకునకు దగిలించి లాగును. మడచి మరల లాగును. చల్లారినచో సాగదు గనుక తడవు చేయరాదు. లాగిన కొలదిని లోన గాలి చేరి, నల్లని పాకము బంగారువన్నెకు దిరిగి, కడకు తెల్లబడును. దానిని త్రాడువలె సాగదీసి, ముక్కలు గోసి, నువ్వులలో దొర్లించును. ఎడతెగని మాటలను ‘జీళ్లపాకము’ అని మనవారు పరిహసించుట యిందువలననే.

అమ్మమ్మ కొంగుముడి విప్పి, పదిపైసల నాణె మిచ్చి నాలుగు జీళ్లు కొనెను. “నీకో?” యని యడిగితిమి. “నాకు పండ్లు కదులుచున్నవి, తల్లీ” యని నవ్వెను. ఆ సాయంకాలమే యామె వేపుడు శనగలు కొరుకుట చూచియు మాకేమియు దోచలేదు. ఆ కొంగున మరియొక నాణెము లేదని తెలియుటకు ఏండ్లు పట్టినది.

1933లో పెద్ద యోడలకు దెరచిన నౌకాశ్రయమును, 1992లో జాతి కంకితమైన ఉక్కు కర్మాగారమును మా పట్టణమును మహానగరముగ జేసినవి. దేశదేశముల చాక్లెట్లు నేడు ప్రతి వీధిలో దొరకును. మొన్న ఆషాఢమున మనుమరాలితో సింహాచలము పోయి, జీళ్లమ్ము నొక వృద్ధురాలిని గాంచినప్పుడు పోయిన పెన్నిధి దొరికినట్లాయెను.

“ఏమమ్మా, ఈ పని నీ కూతురికి నేర్పితివా?” యని యడిగితిమి.

“ఎందుకు నేర్పుతానమ్మా? నా సేతులు సూడండి. దానికి సదువు సెప్పించినాను, ఓడరేవు కాడ లెక్కలు రాత్తాంది” అని యామె యరచేతులు చాపెను. అవి కాలి, కాయలు గాచి, రేఖలు సయితము చెరగియున్నవి.

జీళ్లు కనుమరుగగుచున్నవని వగచుటకు సిద్ధపడిన మేము సిగ్గుపడితిమి. మన తీపి నిలుచుటకై మరియొక పిల్ల చేతులు కాలవలెనని కోరుట న్యాయమా? ఆ తల్లి గట్టిగా నిశ్చయించుకొని కూతురిని తప్పించినది. అది మెచ్చదగిన పని. ఉన్నన్నాళ్లు బేరమాడక కొనుటయే మనము చేయగల మర్యాద.

అడిగిన వెలయిచ్చి పొట్లము దీసికొంటిమి. మనుమరాలొక జీడిని విరిచి, సగము మా చేతిలో బెట్టి, “అమ్మమ్మా, నీవు తినవా?” యని యడిగినది. “పండ్లు కదులుచున్నవి” అను మాట నోటివరకు వచ్చినది. దానిని మ్రింగి, జీడి నోట వేసికొంటిమి.