నేను అడగని రెండు ప్రశ్నలు



రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పుల గురించి వ్రాసే ఈ శీర్షికలో ఈసారి ఒక జూదశాలలో గడిపిన పగటిని గురించి వ్రాస్తున్నాను. డెబ్బయ్యేళ్లు దాటిన వైద్యునికి అక్కడేం పని అని మీకు తోచవచ్చు. నా శ్రీమతి కూడా సరిగ్గా అదే అడిగింది.

మా తమ్ముని కుమారుడు అమెరికాలో ఫీనిక్స్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. తమ్ముడు గతించి పన్నెండేళ్లయింది. అబ్బాయి పిలవగా మేమిద్దరం శీతకాలం చివర వాని ఇంటికి వెళ్లి రెండు నెలలున్నాము. మార్చి నెలలో ఒకనాడు, "పెదనాన్నా, లాస్ వేగాస్ వెళ్దాం రండి, కాలేజీ బాస్కెట్‌బాల్ చూద్దురుగాని" అన్నాడు. ఆట జరిగేది అక్కడేనా అంటే, కాదట. ఆటలు దేశమంతటా జరుగుతాయి. వేగాస్‌లోని ఒక పెద్ద హోటల్‌వారు సమావేశ మందిరంలో తెరలు కట్టి, వందలమందిని కూర్చోబెట్టి చూపిస్తారు. ఆ హోటల్ క్రింది అంతస్తు మొత్తం జూదశాల.

ఈ పోటీలో 68 కళాశాలల జట్లు ఆడతాయి. ఓడిన జట్టు ఇంటికి పోవలసిందే, రెండవ అవకాశం లేదు. మొదటి గురు, శుక్రవారాలలో రోజుకు 16 చొప్పున 32 ఆటలు జరుగుతాయి. ఏ ఆటలో ఎవరు గెలుస్తారో ముందే కాగితం మీద పూర్తిగా నింపడం అక్కడివారికి వేడుక. నాణెం ఎగరవేసినట్లు 63 ఆటల ఫలితాలను ఊహిస్తే, అన్నీ సరిపోయే అవకాశం దాదాపు తొంభై రెండు వేల కోట్ల కోట్లలో ఒకటి ఉంటుందని అబ్బాయి లెక్క చెప్పాడు. అంత బాగా లెక్కలు వచ్చినవాడు.

మరొక సంగతి నాకు ఆసక్తి కలిగించింది. 1891లో ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ తరువాత వైద్యవిద్య చదివి పట్టా పొందాడు. చలికాలంలో ఇంటిలోపల విద్యార్థులు దెబ్బలు తగలకుండా వ్యాయామం చేయడానికి పండ్ల బుట్టలు బాల్కనీకి కట్టించి ఆడించాడు. 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు. మా అబ్బాయి ఎమ్మెస్ చదివింది కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే. ఆ జట్టంటే వానికి ప్రాణం.

అయిదు గంటల కారు ప్రయాణం చేసి బుధవారం రాత్రికి చేరుకున్నాము. మరునాటి ఉదయం తొమ్మిదిన్నరకే మందిరం నిండిపోయింది. ఒకేసారి నాలుగు ఆటలు నాలుగు తెరల మీద. బల్లల మీద బీరు సీసాలు, వేయించిన కోడి రెక్కలు, జున్ను పోసిన మొక్కజొన్న అప్పడాలు. మందిరానికి వచ్చే దారి జూదశాల మధ్యగా ఉన్నది. అక్కడ పొగ త్రాగడానికి అనుమతి ఉండటంతో నా పాత ఆయాసం వెంటనే పలకరించింది. కిటికీలు లేవు, గడియారం లేదు. మధ్యాహ్నం మాత్రలు వేసుకోవలసిన వేళ నాకు చేతి వాచీ చూసుకుంటే గాని తెలియలేదు.

ఆట నాకు నిజంగా నచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు గాలిలో తేలుతూ బంతి వేస్తుంటే ఎవరికి నచ్చదు? కాని ఒక వింత గమనించాను. ఒక ఆటలో పన్నెండు పాయింట్ల తేడా ఉన్నది, ఇంకా నాలుగు సెకన్లే మిగిలాయి. గెలుపోటములు తేలిపోయాయి. ఓడుతున్న జట్టు కుర్రవాడొకడు దూరం నుండి ఊరికే విసిరిన బంతి బుట్టలో పడింది. అంతే, సగం మందిరం లేచి కేకలు వేసింది, మిగిలిన సగం తల పట్టుకున్నది. నాకేమీ అర్థం కాలేదు. అబ్బాయి వివరించాడు. పందెం ఎవరు గెలుస్తారన్న దాని మీద మాత్రమే కాదు, ఎంత తేడాతో గెలుస్తారన్న దాని మీద కూడా ఉంటుంది. పది పాయింట్లకు మించి గెలుస్తుందని డబ్బు పెట్టినవారు ఆ ఒక్క బంతితో పోగొట్టుకున్నారు. అంటే వారు చూస్తున్నది నేను చూస్తున్న ఆట కాదన్నమాట.

వైద్యుని కన్ను కదా, గోడలు కూడా చూశాను. నడవలో గాజుపెట్టెలో గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం కనిపించింది. ఈ పరికరానికీ జూదశాలలకూ ఒక ప్రసిద్ధ సంబంధం ఉన్నది. అక్కడి కాపలా సిబ్బందికి దానిని వాడటం నేర్పి చేసిన అధ్యయనం 2000లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఎదుటివారు చూస్తుండగా కుప్పకూలి, మూడు నిమిషాలలోపు షాక్ అందినవారిలో 74 శాతం మంది బ్రతికి ఇంటికి వెళ్లారు. ప్రతి మూలా కెమెరా ఉండటం వల్ల పడిన మనిషిని వెంటనే చూస్తారు. మన బస్టాండులలో, కల్యాణ మండపాలలో ఈ పరికరం ఎప్పుడు వస్తుందో అనుకుంటూ తిరిగి వచ్చి కూర్చున్నాను.

అప్పుడు చూశాను అబ్బాయిని. కాన్సాస్ ఆట మరునాడు. ఆనాడు ఆడుతున్న జట్లలో కొన్నిటి ఊర్లు కూడా వానికి తెలియవు. అయినా తెర వంక కంటె ఫోను వంకే ఎక్కువగా చూస్తున్నాడు. ఆట నడుస్తుండగానే, తదుపరి పాయింటు ఎవరిదన్న దాని మీద కూడా పందెం కట్టవచ్చునట. నుదుట చెమట. కాలు ఆడిస్తున్నాడు. తెచ్చుకున్న అన్నం అలాగే ఉన్నది. "ఎంత పెట్టావు నాన్నా?" అన్నాను. "ఏదో సరదాకి పెదనాన్నా, ఇరవై డాలర్లు" అన్నాడు, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి.

ఆ బోర్లా పెట్టడం నాకు పరిచయమే. మా తమ్ముడు పేకముక్కలను అలాగే బోర్లా పెట్టేవాడు, నేను క్లబ్బు గుమ్మంలో కనబడగానే. సాయంత్రం అయిదింటికి వెళ్లి తెల్లవారి వచ్చేవాడు. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని 1968లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఇది జూదమెలా అవుతుందన్నయ్యా అని వాదించేవాడు. రెండెకరాల మాగాణి పోయిన సంగతి వాని కర్మకాండ రోజున అప్పులవాళ్లు వస్తే తెలిసింది. నేను వానికి రక్తపోటు చూశాను, చక్కెర చూశాను, మందులు మార్చాను, ఉప్పు తగ్గించమన్నాను. పేకాట గురించి ఒక్కమాట అడగలేదు. అది వైద్యునికి సంబంధించిన విషయమని నేను అనుకోలేదు. అది దురలవాటు, బుద్ధిలేనితనం, అంతే.

కాదు. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో దీనిని రుగ్మతగా గుర్తించింది, 2013 నాటి కూర్పులో మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన చేర్చింది. మెదడులో డోపమిన్ వ్యవస్థ గెలుపుకు మాత్రమే కాదు, వస్తుందో రాదో తెలియని నిరీక్షణకు కూడా ఉప్పొంగుతుంది. కొంచెంలో తప్పిపోయినప్పుడు ఇంకొకసారి ఆడాలన్న కోరిక మరింత పెరుగుతుంది. పార్కిన్‌సన్స్ జబ్బుకు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులవల్ల ఎన్నడూ పేక ముట్టని పెద్దలు సైతం జూదానికి బానిసలైన ఉదంతాలున్నాయి. మీ ఇంట ఎవరైనా ఆ మందులు వాడుతుంటే ఈ మాట గుర్తుంచుకోండి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరుకు చెప్పండి.

ఈ రుగ్మతను పసిగట్టడానికి రెండే ప్రశ్నలున్న ఒక పరీక్ష ఉన్నది. పందెం మొత్తం అంతకంతకూ పెంచాలని మీకెప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడారో మీ ముఖ్యులతో ఎప్పుడైనా అబద్ధం చెప్పవలసి వచ్చిందా? ఏ ఒక్కదానికి అవునన్నా లోతుగా విచారించాలి.

తిరుగు ప్రయాణంలో కొలరాడో నది వంతెన దాటాక అడిగాను. ఎదురెదురుగా కాక ప్రక్కప్రక్కన కూర్చున్నప్పుడు ఇటువంటివి అడగడం సులువు, ఇది నా అనుభవం. మొదటి ప్రశ్నకు, "నేను నాన్నలా కాదు పెదనాన్నా, నాది లెక్క ప్రకారం ఆట" అన్నాడు. వాడు ఆ మాటకు ఎంచుకున్న పోలిక విని నేను మారు పలకలేదు. రెండవ ప్రశ్నకు పది నిమిషాలు జవాబు లేదు. తరువాత, "తనకి తెలియదు" అన్నాడు, భార్యను ఉద్దేశించి. ఎంతో ఒక అంకె చెప్పాడు. వాని మూడు నెలల జీతం.

నేను తిట్టలేదు. తిట్టడం ఎంత పనిచేస్తుందో తమ్ముని విషయంలో మా నాన్నగారు ఇరవై ఏళ్లు చూపించారు. ఇది చికిత్స ఉన్న జబ్బని చెప్పాను. దీనికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు, కాని ఆలోచనాసరళిని మార్చే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది. జీతం ఖాతా కొంతకాలం భార్య చూసుకోవాలి. అరిజోనాలో, తనను పందేలకు రానివ్వవద్దని ఎవరికి వారే ఏడాదికో, అయిదేళ్లకో, పదేళ్లకో పేరు నమోదు చేసుకునే ఏర్పాటు ఉన్నది. మన దేశంలో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 చట్టం నిషేధించింది గాని, ఐపీఎల్ రోజులలో చాటుగా నడిచే పందేల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మీ ఇంట ఇటువంటి అనుమానం ఉంటే టెలి మానస్ వారి 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇదంతా అబ్బాయి అనుమతితోనే వ్రాశాను. మేము తిరిగి వచ్చిన తరువాత ఏప్రిల్‌లో ఒక ఉదయం ఫోను చేశాడు. ఫైనల్ ముందురోజే అయింది, ఎవరు గెలిచారో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. భార్యతో అంతా చెప్పేశానన్నాడు. ఎంతని చెప్పావన్నాను. కారులో నాతో అన్న అంకెకు అది రెట్టింపు.