గోడవతల కృష్ణమ్మ

బెజవాడకు చుట్టాలు వస్తే మొదటిరోజు కొండెక్కి అమ్మవారి దర్శనం చేసుకుంటారు. రెండోరోజు కాఫీ తాగుతూ “ఇంకేమున్నాయండీ మీ ఊళ్ళో చూడటానికి?” అంటారు. మా ఊరి ఎండల ప్రతాపం ఎరిగినవాళ్ళెవరూ ఆ ప్రశ్న పొద్దున్నపూట వెయ్యరు. సాయంకాలం ఐదు దాటాక అడిగితే మట్టుకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: ఏటి ఒడ్డుకు పదండి.

అయితే ఆ ఒడ్డు ఒకటి కాదు, రెండు. మధ్యన ప్రకాశం బ్యారేజీ ఉంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానే కట్టిన ఈ బ్యారేజీని 1957 డిసెంబరు 24న ప్రారంభించారు. 70 గేట్లతో నీటిని నిలబెట్టి, రెండువైపులా కాలువల్లోకి మళ్ళిస్తారు. సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా ఆ నీటి మీదే పండుతుంది. కనుక ఎగువన చూస్తే నిండు కృష్ణ, దిగువన చూస్తే ఏడాదిలో చాలా భాగం ఇసుక తిన్నెలూ, రెల్లు దుబ్బులూ, వాటి మధ్య సన్నటి పాయలూ.

పడవ సరదా ఉన్నవాళ్ళు ఎగువకు వెళ్ళాలి. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి పడవలు నడుస్తాయి. 130 ఎకరాల పైచిలుకు దిబ్బ; చెట్లనీడ ఉంది, పిల్లలకు ఆటలున్నాయి. వరదరోజుల్లో పడవలు ఆపేస్తారు. లైఫ్ జాకెట్టు తొడుక్కోమంటే చీర నలుగుతుందని గునిసే ఇల్లాళ్ళను చూశాను, చొక్కా నలుగుతుందని గునిసే పెద్దమనుషులనూ చూశాను. 2017 నవంబరులో ఎగువనే, ఫెర్రీ దగ్గర పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. నలిగితే నలగనివ్వండి.

నాకు మాత్రం దిగువ ఒడ్డే ఇష్టం. బస్‌స్టాండుకు దగ్గర్లోనే పద్మావతి ఘాట్; అక్కణ్ణుంచి కిందికి కృష్ణలంక. తెలుగులో లంక అంటే రావణుడి ఊరొక్కటే కాదు, ఏరు మేట వేసి పెట్టిన నేల కూడాను. (క్లాసులో ఈ మాట చెబితే పిల్లలు నవ్వుతారు, పరీక్షలో మట్టుకు రాయరు.) ఒకపక్క బందరు కాలువ, ఒకపక్క నది, ఆ నడుమ రాణిగారితోట, తారకరామనగర్, భూపేష్‌గుప్తానగర్ అని పేటలు లేచాయి. రెక్కలకష్టం మీద బతికేవాళ్ళే ఎక్కువ. ఏరు ఇచ్చిన నేలను ఏరే అప్పుడప్పుడు అడుగుతుండేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. సినిమాలు సరే, బెజవాడవాళ్ళ అసలు వినోదం వరద చూడటం. గేట్లెత్తారని తెలిస్తే చాలు, పిల్లాజెల్లాతో బ్యారేజీ మీదికి పరుగు. మొక్కజొన్నపొత్తులు కొరుకుతూ, తుంపర మొహాన పడుతుంటే “అబ్బ, ఎంత నీరండీ!” అనుకుంటాం. సరిగ్గా ఆ వేళకే దిగువన కృష్ణలంకలో ట్రంకుపెట్టెలు నెత్తికెత్తుకుని జనం మెరకకు నడిచేవారు. 2009 అక్టోబరులో సుమారు 11 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు కూడా అంతే.

ఇప్పుడు యనమలకుదురు మొదలు పద్మావతి ఘాట్ దాకా మూడు విడతలుగా కాంక్రీటు గోడ లేచింది. రాణిగారితోట దగ్గర దాన్ని ఆనుకుని పార్కు వేసి 2024లో తెరిచారు. పొద్దువాలితే పేటంతా గోడవారనే ఉంటుంది. నడిచేవాళ్ళు నడుస్తారు, పిల్లలు ఉయ్యాలలకోసం తగువులాడుకుంటారు, మిరపకాయబజ్జీల మూకుడు చుట్టూ కుర్రకారు మూగుతారు. ఇరుకిళ్ళ ఆడవాళ్ళు గాలికోసం వచ్చి చీకటి పడ్డా లేవరు. ఎదటి ఒడ్డున తాడేపల్లి దీపాలు వెలుగుతాయి. టిక్కెట్టు కొని వెళ్ళే వినోదాల్లో ఈ తృప్తి నేను చూడలేదు.

మొన్న అలాగే గోడపక్క కూర్చున్న ఒక పెద్దావిడతో మాట కలిపాను. నలభై ఏళ్ళుగా ఇక్కడే కాపురమట.

“గోడ కట్టాక ఏరు దూరమైందా, పెద్దమ్మా?” అన్నాను.

“దూరమే బాబూ. మునుపు బిందె పుచ్చుకుని గుమ్మం దిగితే ఏరే. ఇప్పుడు మెట్లెక్కి చూడాల. అయితేనేం, వరదొస్తే మీరంతా బ్యారేజీ మీద నిలబడి చూసేవాళ్ళుగా? ఇప్పుడు మేమూ చూస్తన్నాం!” అని బోసినోటితో నవ్వింది.

ఆ నవ్వుకు నేను తల వంచుకున్నాను గాని, ఆవిడ మనసులో ఎత్తిపొడుపేమీ లేదు.

2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. 2009 నాటికంటే ఎక్కువ. గోడ నిలబడింది, దాని వెనక వీధులు నిలబడ్డాయి. కాని అదే వాన దెబ్బకు ఊరికి అవతలిపక్క బుడమేరు పొంగి, కృష్ణ ఊసే ఎరగని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో నానింది. పెద్దావిడ కూతురి కాపురం అక్కడేనట.

“ఎప్పుడు ఏరొచ్చినా మూటాముల్లే సర్దుకుని మేం దాని ఇంటికే పొయ్యేవాళ్ళం బాబూ. అక్కడ భయం లేదని సంబంధం కలుపుకున్నాం కూడాను. ఈసారి అదే, ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని పడవమీద బయటపడి మా ఇంటికొచ్చింది. పది రోజులుంది” అంది.

ఇంతలో మనవడు బజ్జీల పొట్లం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. వాడిది సింగ్‌నగరే. సెలవులకు వచ్చాడట.