ఆటోనగర్‌లో పెళ్ళిచూపులు

ఈ వయసులో కారు కొనాలన్న బుద్ధి నీకెందుకు పుట్టిందని నన్ను చాలామంది అడిగారు. ఆ బుద్ధి నాది కాదు, మా ఆవిడ మోకాళ్ళది. నెలకు రెండుసార్లు తెనాలి నుంచి గుంటూరు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. బస్సు మెట్టెక్కడం ఆవిడ వల్ల కావటం లేదు. చీటీ పాడిన రెండు లక్షల అరవై వేలు నా చేతిలో పెట్టి, "ఇవి పోతే మళ్ళీ లేవండీ" అంది. ఆ డబ్బు కంటె ఆ మాటే ఎక్కువ బరువనిపించింది. 2025 మే నెలలో ఒకనాటి తెల్లవారుజామున మా ఊరి మేస్త్రీని వెంటబెట్టుకుని బెజవాడ రైలెక్కాను. నా స్కూటరుకు ఇరవై ఏళ్ళుగా వైద్యం చేస్తున్నది అతనే.

బెంజి సర్కిల్ దాటి, పటమట మీదుగా బందరు రోడ్డున పోతే ఆటోనగర్ వస్తుంది. నగరమన్న పేరే గాని అక్కడ కాపురముండేవి బళ్ళు. మనుషులు వాటికి పరిచారకులు. ఒకచోట రేడియేటర్లు గుట్టగా పడి ఉంటాయి. ఇంకొకచోట కమాన్ కట్టలు కొలిమిలో ఎర్రగా కాలుతూ ఉంటాయి. ఉత్త ఛాసిస్‌గా వచ్చిన లారీకి చెక్కా రేకూ బిగించి ఒళ్ళు కడతారు. ఆ తరువాత పెయింటరు వచ్చి నెమళ్ళూ, తామరపూలూ వేసి, వెనుక ఏదో ఒక సూక్తి రాస్తాడు. సుత్తి దెబ్బలూ, వెల్డింగు మెరుపులూ, వాటి నడుమ ఇడ్లీ బండి మీద తెల్లని ఆవిరి! మేస్త్రీ ముఖం చూస్తే పుట్టింటికి వచ్చిన ఆడపడుచు ముఖంలా ఉంది. నేను మాత్రం జేబు మీద చెయ్యి తియ్యలేదు.

"కారు ఏడాది అడక్కండి మాస్టారూ, ఏ ఊళ్ళో తిరిగిందో అడగండి" అన్నాడతను ఇడ్లీ తింటూ. పూర్వం ఆ సంగతి నంబరే చెప్పేది. ఏపీ 7 అంటే గుంటూరు, 16 అంటే కృష్ణా, 31 అంటే విశాఖ. 2019లో కొత్త బళ్ళకు రాష్ట్రమంతటికీ కలిపి 39 అన్న ఒకే వరుస మొదలుపెట్టారు. ఇంటిపేరు చెప్పని పెళ్ళికొడుకు లాంటిదన్న మాట!

మొదట చూసిన కారు విశాఖది. ఎర్రగా నిగనిగలాడుతోంది. మేస్త్రీ జేబులోంచి గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసి తలుపు పైభాగాన పెట్టాడు, అంటుకుంది. కిందిభాగాన పెట్టాడు, జారి పడింది. అక్కడ రేకు కంటె లప్పం ఎక్కువ. కాళ్ళకింది చాప ఎత్తితే ఉప్పుగాలి తిన్న రేకు అప్పడంలా విరిగింది. నమస్కారం పెట్టి వచ్చేశాం.

రెండవది తెల్లకారు. నిజం చెప్పవద్దూ, దాని మీద నా మనసు పోయింది. 2021 మోడలు, ఒకే యజమాని, రీడింగు 28 వేల కిలోమీటర్లు. బ్రోకరు చెప్పిన ధర సరిగ్గా నా జేబులో ఉన్నంతే! మా ఆవిడ ముందు సీటులో కూర్చుని ఉన్నట్టు కూడా ఊహించుకున్నాను. మేస్త్రీ బోనెట్ మీద అరచెయ్యి వేసి, "ఇంజను అప్పుడే వేడెక్కిందేం?" అన్నాడు. మేము రాకముందే స్టార్టు చేసి ఉంచారు. చల్లటి ఇంజను మొదటిసారి స్టార్టయ్యేటప్పుడు చెప్పే నిజం వేడెక్కాక చెప్పదట.

లోపల కూర్చుంటే ఒకటే సెంటు వాసన. నాకు బాగానే ఉంది. మేస్త్రీ మాత్రం అద్దాలన్నీ మూసి ఏసీ వేయించాడు. రెండు నిమిషాలకు సెంటు వెనుక నుంచి తడి గోనెపట్టా వాసన మెల్లిగా బయలుదేరింది. అతను సీటుబెల్టును కొసదాకా లాగాడు. రోజూ వాడే భాగం శుభ్రంగా ఉంది, చుట్టలో దాగిన భాగాన మట్టి చార! సీటు కింద బోల్టులు తుప్పు. డిక్కీలో స్టెప్నీ తీస్తే దాని గుంటలో ఎండిన ఒండ్రు.

నాకు ఒళ్ళు జలదరించింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్ళలో నానిన సంగతి మనం మరచిపోలేదు కదా! అలా మునిగిన బళ్ళు అమ్మడం నేరం కాదు. మునిగిందని చెప్పి, ఆ ధరకే ఇస్తే ఎవరికీ బాధ లేదు. నీళ్ళు తాగిన వైర్లు వెంటనే చెడవు. లోపల పచ్చగా కిలుము పట్టి, ఏడాదికో రెండేళ్ళకో ఏ అర్ధరాత్రో హైవే మీద కారును ఆపేస్తాయి.

బ్రోకరు ఇంకా ఒప్పుకోలేదు. "కడిగించినప్పుడు నీళ్ళు పోయి ఉంటాయండీ" అన్నాడు. అప్పుడు ఇన్సూరెన్సు కాగితం నేను చూశాను, నాకు చేతనైన విద్య అదొక్కటే. క్లెయిము లేకుండా ఏడాది గడిస్తే సొంత డ్యామేజీ ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. అది పెరిగి ఐదేళ్ళకు 50 అవుతుంది. ఈ కారుకు సున్నా. యజమాని మారినా సున్నా వస్తుంది, నిజమే. కాని ఒకే యజమాని అని చెప్పింది ఆయనే! ఆయన గొంతు సవరించుకుని టీ తెప్పిస్తానన్నాడు. గేదె నీళ్ళలో ఉండగా బేరమాడవద్దని మా తాతగారు అనేవారు. నేను నీళ్ళలో ఉన్న కారునే బేరమాడబోయాను.

మధ్యాహ్నానికి ఒక షెడ్డు మూల ఏపీ 7 నంబరు వేగన్ ఆర్ కనిపించింది. 2014ది. ఒళ్ళంతా దుమ్ము, బంపరు మీద గీతలు. యజమాని గుంటూరు మనిషి, అక్కడే ఉన్నారు. ఇంజను చల్లగా ఉంది. తాళం తిప్పగానే పలికింది. సైలెన్సరు దగ్గర నీలం పొగ లేదు, అంటే ఆయిలు తాగటం లేదు. రీడింగు 81 వేలు. పెడల్ రబ్బర్లు కూడా అంతే అరిగాయి గనుక అది నమ్మదగిన అంకె.

"చదును రోడ్డు మీద అన్ని కార్లూ బుద్ధిమంతులే" అని మేస్త్రీ దాన్ని కృష్ణ మీది వారధి దాటించి మంగళగిరి తీసుకువెళ్ళాడు. యజమాని వెనుక సీటులో కూర్చున్నారు. పానకాలస్వామి కొండరోడ్డు సగంలో ఆపి మళ్ళీ కదిలించాడు. ఇంజను రంకె వేసింది, కారు మాత్రం బద్ధకంగా కదిలింది. "క్లచ్ ప్లేటు అయిపోవచ్చింది" అన్నాడు. యజమాని, "అవునండీ, నాకూ అనుమానంగానే ఉంది" అన్నారు. ఆ రోజంతా అమ్మేవారి నోట విన్న మొదటి నిజం అది.

పైకి వెళ్ళి పానకం సమర్పించాం. స్వామి సగం పుచ్చుకుని సగం మాకు ఇచ్చాడు. మెట్ల మీదే బేరం తెగింది. రెండు లక్షల ముప్పై అయిదు వేలలో క్లచ్ కింద పన్నెండు వేలు తగ్గించారు. ఆర్‌సీ మీద పాత బ్యాంకు అప్పు పేరు ఇంకా ఉంది. బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రమూ, 35వ నంబరు ఫారమూ తెచ్చాక, 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టిన రోజున మిగతా సొమ్ము ఇచ్చేటట్టు పదివేలు బయానా ఇచ్చాను. 2029కి రిజిస్ట్రేషనుకు పదిహేనేళ్ళు నిండుతాయి. ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. అప్పటి మాట అప్పుడు.

కొండ దిగుతూ ఇంటికి ఫోను చేశాను. వరద కారు కథంతా ఓపికగా విని మా ఆవిడ, "అది సరే, మనది ఏ రంగండీ?" అంది.

నేను మేస్త్రీ ముఖం చూశాను. అతను వేలితో దుమ్ము తుడిచి చూసి, "బూడిద రంగని చెప్పండి మాస్టారూ" అన్నాడు.