నెల తప్పిన వారమే రండి

నాట్లు అయిపోయాక మెదక్‌లో మా ఆస్పత్రికి చుట్టుపక్కల ఊళ్ల గర్భిణులు ఎక్కువగా వస్తారు. చాలామందికి అప్పటికే ఐదో నెల. అలా వచ్చిన ఒకామె కొంగు పట్టుకుని నాలుగేళ్ల బాబు నిలబడ్డాడు. వినికిడి బాగానే ఉంది, మాట మాత్రం రాలేదు.

"వీడు కడుపుల ఉన్నప్పుడు ఏం పని చేసినవమ్మా?"

"నాట్లేసిన డాక్టరమ్మా. ఇసుకల గుళికలు కలిపి చేత్తోనే చల్లిన. మూడో నెల గప్పుడు."

పాత కార్డు తిరగేశాను. మొదటి పరీక్ష ఐదో నెలలో జరిగింది. థైరాయిడ్ పరీక్ష లేదు. పొలం మందుల ప్రస్తావన లేదు. ఆ రాత నాదే.

ఆ పురుగుమందు గుళికల వల్లే బాబుకు మాట రాలేదని నేను చెప్పలేను. అలా తేల్చే పరీక్ష లేదు, వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడగలేదు.

బిడ్డ మెదడు ఎదుగుదలకు థైరాయిడ్ హార్మోను కావాలి. తొలి 12 వారాలు బిడ్డకు తల్లి హార్మోనే దిక్కు. థైరాయిడ్ తక్కువై చికిత్స అందని తల్లుల పిల్లలకు తెలివితేటల పరీక్షలో సగటున 7 పాయింట్లు తగ్గాయని 1999లో అమెరికా పరిశోధకులు చూపారు. కొన్ని పురుగుమందులు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, గట్టి ప్లాస్టిక్‌లోని బిస్ఫినాల్-ఏ ఈ హార్మోను పనిని చెదరగొట్టగలవు.

క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు సంగతీ చెప్పాలి. బొడ్డుతాడు రక్తంలో ఆ మందు ఎక్కువగా ఉన్న న్యూయార్క్ పిల్లలకు ఏడేళ్ల వయసులో తెలివి, జ్ఞాపకశక్తి స్కోర్లు తక్కువగా ఉన్నాయని 2011లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు వెల్లడించారు. మన దగ్గర దాన్ని పొలంలో పురుగుకూ, ఇంట్లో చెదలకూ కొడుతుంటారు. ఇక ప్లాస్టిక్ సంగతికొస్తే, పాలసీసాల్లో బిస్ఫినాల్-ఏ వాడకాన్ని మన దేశం 2015లో ఆపింది. పుట్టిన బిడ్డకు ఇచ్చిన ఆ రక్షణ కడుపులోని బిడ్డకూ అందాలి.

ఇప్పుడు ప్రతి కార్డు మీద మొదట రాసేది రెండు మాటలు: ఇంట్లో, పొలంలో ఏ మందులు వాడుతున్నారు, థైరాయిడ్ ఎంత ఉంది. వార్డులోకి పాలిథిన్ కవర్లో వేడి చాయ్ తెచ్చే భర్తలకు స్టీలు గ్లాసు చేతికిస్తున్నాను.

అమ్మలారా, నెల తప్పిన వారమే పరీక్షకు రండి. అయోడిన్ ఉప్పే వాడండి. మందు కలిపే పని, చల్లే పని మీరు ముట్టకండి. అన్నలారా, మందు కొట్టి వచ్చాక స్నానం చేసి, బట్టలు మీరే ఉతుక్కోండి. ఖాళీ మందు డబ్బాలో నీళ్లు పట్టకండి.