మూడు ఊళ్లు... ఒక ఫోర్కు

గోనెసంచిలో చుట్టిన ఇనుప సామానుతో సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. పక్కసీట్లో పెద్దాయన అడిగిన మొదటి మాట: "ట్రాక్టరు సామానా?" కాదు, సైకిలు ముందు ఫోర్కు అంటే నమ్మలేదు. సంచి మూతి విప్పి చూపించాల్సి వచ్చింది. రెండు కాళ్లు, వాటి లోపల స్ప్రింగులు. "సైకిలుకు సుత షాకప్‌లా!" అని నవ్వాడాయన.

ఉంటాయి. కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైకుల కోసం అమెరికాలోని రాక్‌షాక్స్ సంస్థ 1989లో ఆర్‌ఎస్-1 అనే ఫోర్కు తెచ్చింది. మోటారు సైకిళ్లను చూసి పుట్టిన ఆలోచన అది. ఆ తర్వాత ఆ షోకు మన బజార్లకూ చేరింది. పదో తరగతి పాసైనందుకు 2005లో నాన్న నాకు కొనిచ్చింది అలాంటి సైకిలే. కొన్నేళ్లు తొక్కాక సూర్యాపేటలో అక్కావాళ్ల మెట్ల కిందికి చేరింది. ఇప్పుడు దానిమీద మేనల్లుడి కన్ను పడింది. "మామా, బడికి దీనిమీదే పోతా" అన్నాడు. అక్క ససేమిరా అంది. "నీ జ్ఞాపకం కోసం నా కొడుకు పళ్లు రాలగొడతావా?"

ఆమె మాటలో న్యాయముంది. వెనక చైను తెగితే సైకిలు ఆగుతుంది, అంతే. ముందు ఫోర్కు విరిగితే మనిషి మొహం మీద పడతాడు.

సూర్యాపేట: ముందు గొట్టం

బజార్లో సైకిల్ షాపు మేస్త్రీ ఫోర్కు ఊడదీసి చూశాడు. ఒక కాలు బిగుసుకుపోయింది. రెండోదాన్ని తుప్పు తినేసింది. "ఇది బాగు చేసేది కాదన్నా. కొత్తది కావాలె. కానీ కొలత లేకుండ కొనకు" అంటూ వెర్నియర్ కాలిపర్స్ తీశాడు. ఇంటర్ ల్యాబు తర్వాత దాన్ని నేను మళ్లీ చూడటం అప్పుడే!

ఫోర్కు పైన నిలువు గొట్టం ఉంటుంది. అది ఫ్రేములోంచి పైకి వచ్చి హ్యాండిల్‌ను మోస్తుంది. మాది 28.6 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మీద ఎనిమిదో వంతు. ఇంకా పాత సైకిళ్లకు 25.4 ఉంటుంది. ఇప్పటి ఖరీదైనవాటికి గొట్టం కింద లావుగా, పైన సన్నగా ఉంటుంది. అది మన ఫ్రేములో దూరనే దూరదు. ఇంకో తేడా, మరలు. పాత గొట్టానికి పైన మరలుండి నట్టుతో బిగుస్తుంది. కొత్తవి నున్నగా ఉంటాయి. నున్నటిది పెట్టాలంటే బేరింగు కప్పులూ, హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్మూ మార్చాలి. మరలున్నదైతే పొడవు కూడా పాతదానితో సరిపోవాలి. ఇవన్నీ సిగరెట్ పెట్టె అట్టమీద రాసిచ్చి, "కోదాడలో గేరు సైకిళ్ల షాపులున్నయి, చూడు" అన్నాడు.

కోదాడ: మెరిసేదంతా...

హైదరాబాద్-విజయవాడ హైవే మీద 45 కిలోమీటర్ల దాకా ప్రయాణం. తెలంగాణ వైపు ఈ దారిలో చివరి పెద్ద ఊరు కోదాడే. షాపు అద్దాల వెనక ఫోర్కులు మెరుస్తున్నాయి. ఒకటి మరీ ముద్దొచ్చింది. 27.5 అంగుళాల చక్రానిది, వంద మిల్లీమీటర్లు కుంగుతుంది. "మీ 26 చక్రం ఇందులో పట్టేస్తుంది సార్" అన్నాడు షాపు కుర్రాడు. పట్టే మాట నిజమే.

టేపు పెట్టి కొలిచాం. ఇరుసు దగ్గర్నుంచి ఫోర్కు భుజం దాకా పాతది 435 మిల్లీమీటర్లు, కొత్తది 495. ఇక్కడే ఉంది కిటుకు. ముందుభాగం 20 మిల్లీమీటర్లు లేస్తే ఫ్రేము ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. 60 లేస్తే మూడు డిగ్రీలు. హ్యాండిల్ మొద్దుగా తిరుగుతుంది. గుంతలో పడ్డప్పుడు పొడవాటి ఫోర్కు గునపంలా ఫ్రేము మెడను పెకలిస్తుంది. పాత ఫ్రేము మెడ దగ్గర అతుకు అంత బరువుకు చేసింది కాదు. పైగా ఇది డిస్కు బ్రేకుల ఫోర్కు. మావి రిమ్మును పట్టే బ్రేకులు. వాటిని బిగించే మేకులే దీనికి లేవు.

మనసు చంపుకుని బయటికొస్తుంటే ఆ కుర్రాడే పిలిచి చెప్పాడు, "పాత రకాలైతే మిర్యాలగూడలో ఒక తాత దగ్గర దొరకొచ్చు సార్" అని. బేరం పోయినా దారి చూపినవాణ్ని ఏమనాలి!

మిర్యాలగూడ: తొక్కేదెవరు?

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలు. మూసీ దాటి మిర్యాలగూడ చేరేసరికి రైసుమిల్లుల పొగగొట్టాలు స్వాగతం చెప్పాయి.

తాత ఫోర్కు చూడలేదు, నన్ను చూశాడు. "తొక్కేదెవరు?" అన్నాడు. పన్నెండేళ్ల పిల్లాడు, 40 కిలోలు, బడికి నాలుగు కిలోమీటర్లు అన్నాను. "పెద్దోళ్ల బరువుకు చేసిన స్ప్రింగు పిల్లగాని కింద కదలనే కదలదు. బరువు తప్ప లాభముండదు" అంటూ అటకమీంచి దుమ్ముపట్టిన డబ్బా దించాడు. 26 అంగుళాల చక్రానిది. మరలున్న 28.6 గొట్టం. రిమ్ము బ్రేకులకు మేకులున్నాయి. పొడవు 440. పాతదానికన్నా అయిదు మిల్లీమీటర్లే ఎక్కువ! స్ప్రింగు మెత్తన. రెండు చేతులతో అదిమితే కుంగి, మళ్లీ లేచింది. మెరుపు మాత్రం లేదు.

"టైరు కొంచెం వెడల్పుది వేసి, గాలి మరీ గట్టిగ కొట్టకు. సగం షాకప్ పని టైరే చేస్తది" అన్నాడు. ఆ మాటకు ఫీజు తీసుకోలేదు.

సాయంత్రానికి మళ్లీ సూర్యాపేట. మేస్త్రీ ముందు ఫ్రేము మెడ గుడ్డతో తుడిచి, పగుళ్లు లేవని చూశాకే ఫోర్కు ఎక్కించాడు. ఇంటికి తీసుకెళ్తే అక్క నా మాట వినలేదు, మేస్త్రీ మాటా వినలేదు. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిల్ని ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఊపింది. మెడ దగ్గర కటకట వినిపిస్తే బిగింపు వదులని మేస్త్రీ చెప్పిన పరీక్షే అది. చప్పుడు రాలేదు.

"పిల్లలమర్రి గుళ్లదాకా పోయిరా. చీకటి పడకముందు రావాలె" అంది కొడుకుతో. వాడు వీధి మలుపు తిరిగేదాకా చూసి, సిగరెట్ అట్టమీది కొలతలు అడిగి తీసుకుంది. రేషన్ కార్డు పెట్టే సంచిలో దాచింది.