చెరువు గట్టున వేసవి

గోదావరి డెల్టా పల్లెల్లో వేసవి వచ్చిందని చెప్పేది ఎండ కాదు, కాలువ. దాళ్వా కోతలు ముగింపుకు వచ్చే ఏప్రిల్ మాసంలో పశ్చిమ డెల్టా కాలువలకు విజ్జేశ్వరం దగ్గర నీరు ఆపివేస్తారు. ‘కాలువలు కట్టేశారు’ అన్న మాట ఒకటి రెండు రోజుల్లోనే ఊరూరా వినిపిస్తుంది. అంతకు ముందే ప్రతి ఊరూ తన మంచినీటి చెరువును అంచుదాకా నింపుకుంటుంది. మళ్ళీ జూన్‌లో కాలువ పారేవరకు మనుషులకూ పశువులకూ ఆ చెరువే ఆధారం. ఆ నెలన్నర కాలంలో లాకులకు మరమ్మతులు చేస్తారు, పూడిక తీస్తారు. ఎండిన కాలువ గర్భంలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు.

1847లో ఆర్థర్ కాటన్ చేపట్టి 1852 నాటికి పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ ప్రాంతపు జీవనాన్ని మార్చివేసింది. కరవుకూ వరదకూ నడుమ నలిగిన నేల రెండు పంటల మాగాణి అయింది. అయితే కాలువ మీద ఆధారపడిన బ్రతుకులో ఒక నియమం ఉంది: నీరున్నప్పుడు దాచుకున్నవారికే నీరు లేనప్పుడు నెమ్మది. ఉద్యోగ జీవితానికీ విశ్రాంత జీవితానికీ మధ్య ఉన్న సంబంధం కూడా ఇలాంటిదేనని ఈ మూడేళ్ళుగా పెంటపాడులో గడుపుతున్న వేసవులు నాకు బోధపరిచాయి.

మకాం అంటే ఏమిటి?

పెంటపాడు తాడేపల్లిగూడెం పక్కనే, భీమవరం వెళ్ళే దారిలో ఉంది. ఊరు దాటి పుంత వెంట కొంతదూరం నడిస్తే మా తాతగారు కట్టించిన మకాం వస్తుంది. పొలంలో పశువులకూ ధాన్యానికీ పనివారికీ నీడగా కట్టుకునే ఇంటిని మా జిల్లాలో మకాం అంటారు. మాది రెండు గదుల పెంకుటిల్లు. ముందు వెడల్పాటి అరుగు, పక్కన గడ్డివాము, ఎదుట ఒకటిన్నర ఎకరం చెరువు, గట్టు మీద వరుసగా తాటిచెట్లు, నీళ్ళపైకి వంగిన ఒక చింతచెట్టు. ఇంతకు మించి అక్కడ చెప్పుకోదగిన హంగులేవీ లేవు. విద్యుత్తు ఉంది గాని ఎండాకాలం మధ్యాహ్నాలు అది ఉన్నట్టూ లేనట్టూ ఉంటుంది. నులక మంచం చింతచెట్టు కిందికి లాగితే ఫ్యాను అవసరం తీరిపోతుంది.

నేను విజయవాడలో రైల్వే ఉద్యోగం చేశాను. ముప్పై ఏళ్ళ సర్వీసు నిండిన తరువాత, అరవై ఏళ్ళ గడువుకు ఏడేళ్ళ ముందే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. పిల్లలిద్దరి చదువులు పూర్తయ్యాయి, అప్పులు లేవు, పింఛను ఉంది. అయినా బంధువులు ఆశ్చర్యపోయారు. ‘ఒంట్లో శక్తి ఉండగా ఇంట్లో కూర్చోవడమేమిటి?’ అని కొందరు అడిగారు. శక్తి ఉండగానే కూర్చోవాలన్నది నా సమాధానం. ఆరోగ్యమూ తీరికా అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మనందరికీ తెలిసినదే. మోకాళ్ళు సహకరించని వయసులో దొరికే తీరికతో చెరువు మెట్లు దిగడం ఎలా?

ఇక్కడి దినచర్య చాలా సాదాసీదాగా ఉంటుంది. ఫజ్ర్ నమాజుకు ఊళ్ళోని మస్జిద్‌కు గట్టు మీదుగా నడిచి వెళతాను. తిరిగి వచ్చేసరికి లకుముకి పిట్ట చింతకొమ్మ మీద కాపు కాస్తూ ఉంటుంది, నీటికాకులు రెక్కలు విప్పుకుని ఆరబెట్టుకుంటూ ఉంటాయి. ఎండ ముదిరేలోగా గుర్రపుడెక్క తీసే పని ఉంటుంది. ఒక్క వారం అశ్రద్ధ చేస్తే ఈ మొక్క చెరువునంతా కప్పివేస్తుంది. కాబట్టి రోజూ కొంత లాగి గట్టున ఎండబెట్టడం తప్పదు. జుహర్ తరువాత కునుకు, అస్ర్ తరువాత గాలం. ఒక్కోరోజు కొర్రమీను పడుతుంది, ఒక్కోరోజు ఏమీ పడదు. ఏమీ పడని రోజున మామిడికాయ పప్పు ఉండనే ఉంది.

మే నెల మొదట్లో పిల్లలు హైదరాబాదు నుంచి వస్తారు. ఏలూరు నుంచి ఆపా కుటుంబం రైల్లో తాడేపల్లిగూడెంలో దిగుతుంది. ఆపా అత్తవారిది తంగెళ్ళమూడి. ఏలూరు ఉన్ని తివాచీల నేతకు పేరుపొందిన పేట అది. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళ నుంచి తమకు ఈ విద్య సంక్రమించిందని అక్కడి ముస్లిం కుటుంబాలు చెప్పుకుంటాయి. ఒక్కొక్క ముడి వేస్తూ నెలల తరబడి మగ్గం ముందు కూర్చున్నవారికి ఓపిక గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఆ ఓపిక మా ఆపాలోనూ ఉంది. అరుగు మీద ఆవకాయ ముక్కలు తుడుస్తూ పిల్లలందరికీ ప్రవక్తల గాథలు చెప్పేది ఆవిడే. తాటిముంజలు ఎక్కువ తిని కడుపునొప్పి తెచ్చుకున్నవారికి వాముకషాయం తాగించేదీ ఆవిడే.

మా చిన్నతనంలో కుళాయి లేదు. అమ్మ కుండ లోపల ఇండుప గింజ అరగదీసి చెరువు నీళ్ళు పోసేది. తెల్లవారేసరికి మడ్డి అడుగున చేరి నీరు తేటపడేది. ఆ గింజ చూపించమని మనుమరాలు పట్టుబడితే వెతికి తెచ్చి చూపించాను. ఈనాడు తాగడానికి శుద్ధి చేసిన నీళ్ళ డబ్బాలే కొంటున్నాం. కాని చెరువు నీళ్ళు ఎప్పుడో మనకు దాహం తీర్చాయని పిల్లలకు తెలియడం మంచిది.

కొల్లేటికి ఒక ప్రయాణం

ప్రతి వేసవిలో ఒక రోజు కొల్లేరుకు కేటాయిస్తాం. పెంటపాడు నుంచి పిప్పర మీదుగా భీమవరం, అక్కడి నుంచి ఉండి, ఆకివీడు దాటి కైకలూరు చేరుకోవాలి. ఆకివీడుకూ కైకలూరుకూ మధ్య ఉప్పుటేరు వంతెన వస్తుంది. అక్కడ బండి ఆపి పిల్లలను దింపుతాను. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలా పరుచుకున్న కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి వాగులూ ఎన్నో మురుగు కాలువలూ వచ్చి చేరతాయి. లోపలికి దారులు ఎన్నో గాని, సముద్రానికి పోయే దారి దాదాపు 60 కిలోమీటర్ల ఈ ఉప్పుటేరు ఒక్కటే. పైనుంచి మంచినీరు తగ్గితే అదే దారిన ఉప్పునీరు వెనక్కి ఎగదన్నుతుంది.

కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో గూళ్ళు కడతాయి. శీతాకాలం వాటి సంతాన సమయం. వేసవికల్లా పిల్లలు ఎదిగి రెక్కలు విప్పుతూ కనిపిస్తాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తలంతా ఆ గొంతుసంచిలోకి దూర్చి మేత అందుకునే దృశ్యాన్ని చూసి మా పిల్లలు నోట మాట లేకుండా నిలబడిపోయారు. పక్షుల జీవనోపాధి బాధ్యత వహించిన ప్రభువు మన ఉపాధి బాధ్యతనూ వహించాడన్న విషయం అక్కడ విడిగా చెప్పవలసిన అవసరం రాలేదు.

అయితే ఆ సరస్సుకు వెళ్ళే దారి పొడవునా కనిపించేది సరస్సు కాదు, చేపల చెరువులు. 1970ల నుంచి మొదలైన ఈ తవ్వకం క్రమంగా కొల్లేటి గర్భాన్నే ఆక్రమించింది. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్యంలోని చెరువు గట్లను పేల్చి, తెగగొట్టారు. తరువాత అనేక చోట్ల గట్లు మళ్ళీ లేచాయి. ఈ కథలో ఒక వైపు సరస్సు ఉంది, మరొక వైపు ఆ చెరువులే బ్రతుకుతెరువైన పేద మత్స్యకారులూ ఉన్నారు. కోట్లు గడించినవారి సంగతి వేరు. పూటకు వెతుక్కునేవారి సంగతి వేరు. ఇద్దరినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు.

సరస్సు చేసే ఉపకారం మాత్రం అందరిదీ. వరద వచ్చినప్పుడు పైనుంచి దిగే నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా సముద్రానికి వదిలే సహజమైన బుట్ట అది. 2024 సెప్టెంబరు మొదటివారంలో విజయవాడ కాలనీలను ముంచెత్తిన బుడమేరు చివరకు చేరవలసింది కొల్లేరుకే. నీటికి చోటు లేకుండా చేస్తే అది మన ఇళ్ళలో చోటు వెతుక్కుంటుంది. మేము ఉద్యోగకాలంలో నివసించిన వీధి కూడా ఆ వరదలో మునిగింది.

ఒక ఎకరం, మూడు వాటాలు

కొల్లేటి ప్రశ్న మా గుమ్మం ముందుకే వస్తుందని అనుకోలేదు. గత వేసవిలో ఒక లీజుదారుడు మకాం చెరువునూ దాని పక్కనున్న రెండెకరాల చేనునూ కలిపి రొయ్యల సాగుకు అడిగాడు. అతడు చెప్పిన కౌలు వరి మీద వచ్చేదానికి చాలా రెట్లు. తమ్ముడికి ఆ డబ్బు అవసరం. అతని కూతురు వైద్యవిద్య చదువుతోంది, ఫీజులు భారంగా ఉన్నాయి. అందువల్ల అతడు సరేనందామన్నాడు. అతని కోరికలో అత్యాశ ఏమీ లేదు.

నాన్నగారూ అమ్మా కాలం చేశాక ఆస్తి మేము ముగ్గురం పంచుకోవలసి ఉంది. సూరె నిసాలోని వారసత్వ ఆదేశాల ప్రకారం ఆ ఆస్తిని ఐదు భాగాలు చేస్తే మా అన్నదమ్ములకు రెండేసి, ఆపాకు ఒకటి. పుట్టింటి పొలంలో వాటా అడగని ఆడపిల్లే మంచిదన్న ఆనవాయితీ మన కుటుంబాలలోనూ పాతుకుపోయి ఉంది. చాలాచోట్ల చీర పెట్టి సంతకం తీసుకుంటారు. అందువల్ల లీజు మాట వచ్చిన రోజు ముందుగా ఆపాను అడగాలన్నాను. తమ్ముడూ ఒప్పుకున్నాడు.

ఆపా అంతా విని కాసేపు మాట్లాడలేదు. తరువాత తమ్ముడి వైపు తిరిగి అంది: “నా వాటా నాకు ఇస్తానంటున్నారు, సంతోషం. అయితే అది చెరువు వైపు ఇవ్వండి. కాలువ కట్టేసిన నెలలో పక్క చేల వాళ్ళు గేదెల్ని తోలుకొచ్చేది ఇక్కడికే కదా. రొయ్యల మందు కలిసిన నీళ్ళు వాటికి పోస్తామా? నీ కూతురి ఫీజు సంగతి వేరుగా చూద్దాం. అది నా కూతురు కూడా.”

తమ్ముడు తలవంచుకున్నాడు. “మీరు కాదంటే నేనెలా ఇస్తాను ఆపా? కాని ఫీజు కట్టాల్సింది వచ్చే నెలలోనే” అన్నాడు.

నీరు, మేత, నిప్పు అనే మూడింటిలో జనులందరూ భాగస్వాములని తెలిపే ప్రవక్త (స) బోధ ఆపా నోట వినిపించలేదు గాని, ఆమె మాటలో ఉన్నది అదే. దానికి తోడు పక్క రైతుల బాధ కూడా ఉంది. ఒక చెరువులో ఏడాది పొడవునా నీరు నిలబెడితే చుట్టూ ఉన్న వరిచేలకు ఊట పడుతుంది. ఒకరు తవ్వితే పక్కవాడికి తవ్వడం తప్ప మార్గం ఉండదు. డెల్టాలో వరి మడులు చెరువులుగా మారిన వరుస ఇదే.

చివరకు నా పదవీ విరమణ సొమ్ములోంచి తమ్ముడి వాటాను నేను ధర కట్టి కొన్నాను. ఊళ్ళో పెద్దలు ఇద్దరు ధర నిర్ణయించారు. అన్నదమ్ముల మధ్య బేరం కాబట్టి తక్కువ కట్టవద్దని నేనే కోరాను. ఆపా పేర చెరువు వైపు భాగం రిజిస్టర్ చేయించాం. తమ్ముడి కూతురి చదువు సాగుతోంది. నా చేతిలో నిల్వ తగ్గింది, నిజమే. రెండో కారు కొనే ఆలోచనా, విదేశయాత్రా పక్కకు వెళ్ళాయి. కాని వేసవిలో తమ్ముడి కుటుంబం మునుపటిలాగే వస్తోంది, అదే అరుగు మీద పడుకుంటోంది. అమ్మినవాడినన్న చిన్నతనం అతనికి కలగకుండా చూడడం మా అందరి బాధ్యత.

ముందుగానే ఉద్యోగం వదలాలని ఆలోచించే పాఠకులకు రెండు మాటలు. పింఛను లెక్క, వైద్యం ఖర్చు, పిల్లల పెళ్ళిళ్ళు — ఇవన్నీ కాగితం మీద పెట్టుకున్న తరువాతనే ఆ నిర్ణయం తీసుకోండి. ఇంట్లో అందరితో, ముఖ్యంగా భార్యతో సంప్రదించండి. మీ తీరిక ఆమెకు అదనపు చాకిరీ కాకూడదు. మకాంలో వంట వంతులవారీగా చేయాలన్న షరతు మీదనే నా శ్రీమతి ఇక్కడికి రావడానికి ఒప్పుకుంది. ఆదివారం బిర్యానీ బాధ్యత ఇప్పటికీ నాదే.

ఇక సొంత ఊళ్ళో తాళం వేసిన ఇల్లో, గట్టున ఒక పాకో ఉన్నవారు ఈ వేసవిలో ఒకసారి తలుపు తీయండి. బూజు దులిపే ముందు ఆ ఇంట్లో ఎవరెవరికి వాటా ఉందో లెక్క వేయండి. అక్కచెల్లెళ్ళకు చేరవలసినది చేరిందా అని చూడండి. చేరకపోతే వారిని పిలిచి, వారి ముందే పంచండి. హక్కు దక్కిన ఆడపడుచు పుట్టింటికి అతిథిగా కాక ఇంటి మనిషిగా వస్తుంది. అలాంటి ఇంట్లో నాలుగు రోజుల వేసవి గడిపే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.