నిద్రకు ముందు నిప్పు ఆర్పుదాం

డిసెంబరు వచ్చిందంటే మా పెద్దమండ్యం పల్లెల్లో ఇషా నమాజు ముగిసేసరికే వీధులు సద్దుమణుగుతాయి. మదనపల్లె పట్టణం సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. దాపున ఉన్న హార్సిలీ హిల్స్ 1,200 మీటర్లకు పైమాటే. అందువల్ల ఈ ప్రాంతపు చలి కోస్తా జిల్లాల వారు ఎరిగిన చలి కాదు. తలుపులు మూసి, కిటికీలు బిగించి, సందుల్లో గోనెపట్టాలు దోపి, గది మూలన ఒక కుంపటి పెట్టుకుని ముసుగు తన్నడం ఎన్నో ఇళ్ళలో అలవాటు. ముసలివారు, పసిబిడ్డలు, బాలింతలు ఉన్న ఇంట్లో ఆ కుంపటి తప్పనిసరి అనుకుంటారు.

ఈ నిప్పు గురించి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) పద్నాలుగు శతాబ్దాల క్రితమే హెచ్చరించారు. హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) ఉల్లేఖనం ప్రకారం, మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులు లోపల ఉండగానే కాలిపోయింది. ఆ వార్త విన్న ప్రవక్త (స) నిప్పు మనిషికి శత్రువని, నిద్రపోయేటప్పుడు దానిని ఆర్పివేయాలని ఆదేశించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనంలో రాత్రివేళ తలుపులు మూయమని, పాత్రలపై మూత పెట్టమని, దీపాలు ఆర్పమని చెప్పి, కారణం కూడా వివరించారు: ఎలుక దీపపు వత్తిని ఈడ్చుకుపోయి ఇంటిని తగులబెట్టవచ్చు. గమనించండి, తలుపు మూయమన్న ఆదేశంతోపాటే నిప్పు ఆర్పమన్న ఆదేశం కూడా ఉన్నది. మనం మొదటి దానిని పాటించి రెండవ దానిని విడిచిపెడుతున్నాము. మూసిన తలుపు, ఆరని నిప్పు, ఈ రెండూ ఒకే గదిలో కలిసినప్పుడే ప్రాణాపాయం పుడుతుంది.

మంట అంటుకోవడం కంటికి కనిపించే అపాయం. కనిపించని అపాయం మరొకటి ఉంది. బొగ్గులు, కట్టెలు చాలినంత గాలి అందక సగంసగంగా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ఫలితంగా ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది గాని, మెదడుకూ గుండెకూ ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తరువాత తల తిరగడం, వికారం, మగత వస్తాయి. మెలకువగా ఉన్నవారు లేచి తలుపు తీయగలరు. నిద్రలో ఉన్నవారికి ఆ మగత నిద్రలోనే కలిసిపోతుంది. పొగ రావడం లేదు కనుక భయం లేదని చాలామంది భావిస్తారు. నివురు గప్పిన నిప్పు అన్న మాట మనం మరో అర్థంలో వాడుతుంటాము గాని, ఇక్కడ అది అక్షరాలా నిజం. పైన బూడిద కప్పుకుని చల్లారినట్టు కనిపించే కణికలు కూడా ఆ వాయువును వదులుతూనే ఉంటాయి.

కొన్నేళ్ళ క్రితం జనవరిలో ఒకనాడు ఫజ్ర్ నమాజు కాగానే ఒక యువకుడు పరుగున మా వద్దకు వచ్చాడు. "హజ్రత్, ఇంట్లో ఆడవాళ్ళకు ఏదో సోకింది. అమ్మకూ, నా భార్యకూ ఒకేసారి వాంతులు, తల తిరుగుడు. బిడ్డ పాలు పట్టడం లేదు. ఒక్కసారి వచ్చి దమ్ చేయండి" అన్నాడు. మదర్సా వసతిగృహంలో కుంపటి పెట్టవచ్చునా అని అంతకు ముందే ఒక వైద్యుణ్ణి అడిగి తెలుసుకుని ఉన్నందున మాకు మొదట ఒకే ప్రశ్న తట్టింది. "గదిలో బొగ్గులున్నాయా, బాబూ?" అని అడిగాము. "బాలింత గది కదా హజ్రత్, రాత్రంతా ఉన్నాయి" అన్నాడు. ముందు తలుపులన్నీ తెరిచి ముగ్గురినీ ఆరుబయటికి తీసుకురమ్మన్నాము, 108కు ఫోన్ చేయించాము. దుఆ ఆ వాకిట్లోనే నిలబడి చేశాము. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. అల్లాహ్ దయవల్ల తల్లీ, బిడ్డా, ఆ పెద్దావిడా ముగ్గురూ క్షేమంగా తిరిగివచ్చారు.

ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నామంటే, ఒకే గదిలో పడుకున్నవారందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతులు వస్తే ఎన్నో కుటుంబాలు ముందుగా ఆసేబ్ అని, గాలి సోకిందని అనుకుంటాయి. తావీజు కోసం వెదకులాటలో విలువైన అరగంట గడిచిపోతుంది. అందరికీ ఒకేసారి రావడం, బయటికి వెళితే తేలికపడడం, ఈ రెండూ కనబడితే బొగ్గుల గాలినే అనుమానించాలి. మామూలు గాలి పీల్చేవారి రక్తంలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నర చాలు. వైద్యులకు బొగ్గుల సంగతి తప్పక చెప్పాలి. ఎందుకంటే వేలికి తగిలించే ఆక్సిజన్ పరికరం ఈ విషాన్ని గుర్తించలేక అంతా సవ్యంగా ఉన్నట్టు అంకె చూపవచ్చు. దుఆ చేయడం, చికిత్స చేయించడం ఒకదానికొకటి అడ్డు కావు. వ్యాధిగ్రస్తులను మందు వాడమని ప్రోత్సహించినదీ ప్రవక్త (స) వారే.

కొన్ని వారాల తరువాత ఆ పెద్దావిడ మమ్మల్ని సూటిగా ఒక ప్రశ్న అడిగారు. "మౌలానా సాబ్, నేను ఐదుగురిని కన్నాను. ఐదు చిల్లాల్లోనూ నా మంచం కింద కుంపటి ఉండింది. ఒక్కరికైనా ఏమైనా అయిందా?" ఆ తల్లి మాటలో అబద్ధం లేదు. ఆమె అనుభవాన్ని కొట్టిపారేయడం అదబు కాదు. "అమ్మా, ఆ రోజుల్లో మీరు ఏ ఇంట్లో ఉన్నారు?" అని మాత్రమే అడిగాము. ఆమె కాసేపు ఆలోచించి, "బోద కొట్టం. తరువాత మట్టి మిద్దె" అన్నారు. బోద కప్పు నిండా సందులే. పెంకుటిల్లూ అంతే. మట్టి మిద్దెలో వెలుతురు రావడానికి, పొగ పోవడానికి పైకప్పులో గవాక్షం విడిచేవారు. ఇప్పుడు పైన సిమెంటు స్లాబు, కిటికీలకు అద్దాలు, తలుపు కింద సందు కూడా లేని గచ్చు. అలవాటు మారలేదు, ఇల్లు మారింది. పెద్దలు చేసిన పని వారి ఇంటికి తగినది. అదే పనిని మన ఇంట్లో చేస్తే ఫలితం అదే కాదు. ఆమె తల ఊపి, "అయితే బిడ్డకు చలి ఎలా పోవాలి?" అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా కుంపటి తీసివేయమనడం న్యాయం కాదు. బిడ్డ తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు తొడిగి, తల్లి ఛాతీకి ఆనించి పైన దుప్పటి కప్పితే తల్లి ఒంటి వేడే బిడ్డకు అందుతుంది. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు ఆసుపత్రుల్లో సైతం ఈ పద్ధతినే నేర్పుతున్నారు. తల్లి కాళ్ళ వద్ద వేడినీళ్ళ సీసాను గుడ్డలో చుట్టి పెట్టవచ్చు. గది వెచ్చబడాలంటే సాయంత్రం మనుషులు మెలకువగా ఉండగా, తలుపు తెరిచి ఉంచి, కాసేపు కుంపటి పెట్టి, పడకకు ముందు వాకిట్లోకి తీసుకుపోయి నీళ్ళు చల్లి ఆర్పాలి. లోబాన్ పొగ వేసేవారు కూడా ఆ నిప్పును రాత్రికి గదిలో విడువరాదు. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉన్నవారికీ ఇదే హెచ్చరిక. అది కూడా మంటే. గీజరు బయట ఉండాలి, నీళ్ళు మాత్రమే లోపలికి రావాలి.

వుజూ, గుస్ల్ సంగతి కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. ఇబ్బందికర పరిస్థితుల్లోనూ వుజూ సంపూర్ణంగా చేసేవారి హోదా పెరుగుతుందన్న హదీసును విని, కొందరు వృద్ధులు వేడినీళ్ళుండగా కూడా కావాలని చన్నీళ్ళతో వుజూ చేస్తుంటారు. ఆ హదీసు ఉద్దేశం కష్టాన్ని కోరి తెచ్చుకోవడం కాదు, కష్టం ఎదురైనా వుజూలో లోపం చేయకపోవడం. హిజ్రీ 8లో జాతుస్సలాసిల్ దండయాత్రలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు గడ్డకట్టే చలిరాత్రి గుస్ల్ అవసరమైంది. స్నానం చేస్తే ప్రాణం పోతుందన్న భయంతో ఆయన తయమ్ముమ్ చేసి ఫజ్ర్ నమాజు చేయించారు. విషయం ప్రవక్త (స) వద్దకు వచ్చినప్పుడు, ఆత్మహననాన్ని వారించే సూరా నిసాలోని 29వ ఆయతును కారణంగా చూపారు. ప్రవక్త (స) చిరునవ్వు నవ్వి ఊరకున్నారు. నీళ్ళు కాచుకునే వీలున్న మనకు ఆ అనుమతి వర్తిస్తుందని దీని అర్థం కాదు. ప్రాణరక్షణకు షరీఅత్‌లో ఉన్న స్థానం ఎంతటిదో దీని నుండి గ్రహించాలి.

కాచుకునేటప్పుడూ జాగ్రత్త అవసరం. కరెంటు రాడ్‌ను ఇనుప బకెట్‌లో వాడరాదు. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీళ్ళలో వేలు పెట్టి చూడాలి. బకెట్‌లో ముందు చన్నీళ్ళు, ఆ తరువాత వేడినీళ్ళు పోయాలి. 60 డిగ్రీల వేడినీళ్ళు పిల్లల లేత చర్మాన్ని కొన్ని క్షణాల్లోనే కాల్చివేస్తాయి. కాలితే టూత్‌పేస్టు, సిరా పూయకుండా 20 నిమిషాలు ధారగా చన్నీళ్ళు పోయాలి.

మన మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ చికిత్సాలయం వెలసినప్పుడు ఆ వ్యాధిని నయం చేసే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. శుభ్రమైన గాలి, విశ్రాంతి, మంచి ఆహారం, ఇవే నాటి చికిత్స. ఏ గాలి కోసం దూరదేశాల రోగులు మన ప్రాంతానికి వచ్చారో, ఆ గాలిని మనం చలికి వెరచి గదిలోకి రానివ్వకుండా చేస్తున్నాము.

రంజాను నెల ఏటా దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతూ చలికాలంలోకి ప్రవేశిస్తున్నది. 2030లో అయితే జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో మరొకసారి ప్రారంభం కానున్నది. సహ్రీ వేళ మూసిన వంటింట్లో పొయ్యిలు వెలుగుతాయి. కనుక ఇప్పటినుండే ఇంటిల్లిపాదీ ఒక నియమం పెట్టుకోవడం మేలు. ఇషా తరువాత, పడక దుఆకు ముందు, ఇంట్లో ఒకరు లేచి మూడు చూడాలి: నిప్పు ఆరిందా, స్విచ్చులు ఆపారా, గాలికి ఒక దారి ఉందా. మా మదర్సాలో ఈ పని వంతులవారీగా పిల్లలే చేస్తున్నారు. ప్రవక్త (స) ఆదేశాన్ని పాటిస్తున్నామన్న సంకల్పంతో చేస్తే ఆ రెండు నిమిషాలు కూడా ఇబాదతే అవుతాయి. అల్లాహ్ మన ఇళ్ళను, అందులో నిద్రించేవారిని కాపాడుగాక. ఆమీన్.